వాడి చూస్తే: చెవులకు 32,000 రూపాయలు

ఈ పేజీలో ఇంతవరకు మిక్సీ, కుక్కర్, కుట్టుమిషన్ మోటారు, ఇన్వర్టర్ బ్యాటరీ లాంటివి వాడి చూసి రాస్తూ వచ్చాను. ఐదు వేలు దాటిన వస్తువు జోలికి పెద్దగా పోలేదు. మన షోలాపూర్ తూర్పు భాగంలో ఐదు వేలంటే చిన్న మాట కాదు గదా. కానీ ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో నాలుగింట్లో దాదాపు ఒకటే ప్రశ్న. "పూణెలో ఉద్యోగం చేసే కొడుకు, మేం ఫోన్ మాట్లాడుకోవడానికని ఖరీదైన వైర్‌లెస్ హెడ్‌సెట్ కొనిస్తానంటున్నాడు. కొననియ్యాలా, వద్దనాలా?"

నలుగురు అడిగారంటే నలభై ఇండ్లలో ఆ మాట నడుస్తున్నదని అర్థం. మా ఆడబిడ్డ కొడుకు దగ్గర అలాంటిది ఒకటుంది. మూడు వారాలు అడిగి తెచ్చుకున్నాను. కంపెనీ పేరు రాయను. నేను చెప్పబోయే మంచీ చెడూ ఒక్క కంపెనీవి కావు, ఈ రకం సామాను అన్నింటికీ ఎక్కువో తక్కువో వర్తిస్తాయి. ధర 32,000 రూపాయలు.

పెట్టెలో ఏముంది

రెండు చెవులనూ పూర్తిగా కప్పేసే మెత్తటి దిండ్లు, నడినెత్తి మీదుగా ఒక పట్టీ, ఛార్జింగ్ తీగ, పెట్టుకోవడానికి గట్టి సంచి. బరువు పావు కిలో పైనే. తీగ లేకుండా బ్లూటూత్ మీద ఫోన్‌కు అతుక్కుంటుంది. పిల్లలు తరచూ అడుగుతుంటారు కనుక చెబుతున్నాను, ఆ పేరు వెయ్యేళ్ల కిందటి డెన్మార్క్ రాజుది. తెగలన్నింటినీ ఒక్కటి చేశాడని పేరున్న హెరాల్డ్ రాజు బిరుదు అది. రకరకాల యంత్రాలను ఒక్కటిగా కలిపే పద్ధతి కాబట్టి 1990లలో ఇంజనీర్లు ఆ పేరు పెట్టుకున్నారు. స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో పని మొదలైంది. 1998లో నాలుగైదు కంపెనీలు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి.

ఒకసారి ఛార్జింగ్ పెడితే నాకు నాలుగు రోజులు వచ్చింది. అందులో లోపం చెప్పను. పాట పెడితే నిజంగా గుడిలో కూర్చుని విన్నట్టుంది. అయితే ఉత్తరాలు రాసినవాళ్లు అడిగింది పాట సంగతి కాదు, ఫోన్ మాట సంగతి. కాబట్టి పరీక్షలన్నీ మాట మీదే పెట్టాను.

మొదటి పరీక్ష: ఇంట్లో, కార్ఖానాలో

ఇంట్లో ఫ్యాను, కూలరు, పక్కింటి మిక్సీ, కింద ఆటో ఇంజను. హెడ్‌సెట్ పెట్టుకుని చప్పుడు తగ్గించే మీట నొక్కితే కూలరు ఆగిపోయిందా అనిపించింది. చెయ్యి పెట్టి చూశాను, గాలి వస్తూనే ఉంది. అంత బాగా తగ్గించింది.

తర్వాత అక్కల్‌కోట్ రోడ్డు వైపు మా ఆయన పనిచేసే టవల్ కార్ఖానాకు తీసుకుపోయాను. అక్కడ సాంచాలు నడుస్తుంటే పక్క మనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టాల్సిందే. ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్ 96, 97 చూపించింది. ఫోన్ లెక్క అచ్చంగా సరైనదని చెప్పలేం గానీ, సుమారుగా తెలుస్తుంది. హెడ్‌సెట్ పెట్టుకుంటే అడుగున ఉండే 'గూం' అనే రొద చాలా తగ్గింది. కానీ షటిల్ కొట్టే 'టకటక' మాత్రం దాదాపు అట్లనే ఉంది.

ఎందుకట్లా? ఈ విద్య పుట్టిందే విమానం కోసం. అమర్ బోస్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. వాళ్ల నాన్న బెంగాల్ నుంచి అమెరికాకు పోయిన స్వాతంత్ర్య పోరాటకారుడు. ఈయన 1978లో జూరిచ్ నుంచి విమానంలో వస్తూ, ఇంజను రొదలో పాట సరిగా వినపడక, ఈ ఆలోచన కాగితం మీద పెట్టాడట. మొదట వాడింది పైలట్లు. లోపల చిన్న మైకు బయటి చప్పుడును విని, దానికి సరిగ్గా తలకిందులైన అలను చెవిలోకి వదులుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకే తీరున సాగే రొద అయితే ముందే అంచనా వేసి కొట్టేయగలదు. ఠక్కుమని పుట్టి ఠక్కుమని పోయే దెబ్బను అందుకోలేదు. విమానం ఇంజను మొదటి రకం, మన షటిల్ రెండో రకం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పని చేసేటప్పుడు చెవికి రక్షణగా ఇది పెట్టుకోవచ్చని ఎవరూ అనుకోవద్దు. ఇది రక్షణ సామానుగా పరీక్ష పాసైంది కాదు. పైగా పాటో మాటో చెవిలో నడుస్తుంటే, షటిల్ ఎగిరినప్పుడు పక్కవాడు వేసిన కేక వినపడదు. కార్ఖానాకు పనికొచ్చేవి నురుగు ఇయర్‌ప్లగ్గులు, చెవులు మూసే ఇయర్‌మఫ్‌లు. వాటి ధర దీని ముందు లెక్కలోకే రాదు.

రెండో పరీక్ష: అవతలివాళ్లకు ఎట్లా వినపడుతుంది

కొనేవాళ్లు అందరూ తమ చెవి సంగతే చూస్తారు. ఫోన్ అంటే సగం పని అవతలి చెవిది గదా. సిరిసిల్లలో ఉన్న మా చిన్నత్తకు, అంటే మామయ్య చెల్లెలికి, నాలుగు రకాలుగా ఫోన్ చేసి ఏది బాగుందో చెప్పమన్నాను. ఒకటి ఈ 32,000ది. రెండోది 1,200 పెట్టి కొన్న మెడపట్టీ రకం. మూడోది 450 రూపాయల తీగ ఇయర్‌ఫోన్. నాలుగోది కాల్ సెంటర్‌లో పనిచేసే పక్కింటి అబ్బాయిది, నోటి దగ్గరకు చిన్న కొమ్మలాగా మైకు వచ్చేది, 2,500ది.

ఇంట్లో నుంచి చేస్తే నాలుగూ బాగానే ఉన్నాయంది. సందులో, ఆటోలో నుంచి చేస్తే కొమ్మ మైకుదే మొదటి నంబరు. ఖరీదైనది రెండోది. కార్ఖానా గుమ్మంలో నుంచి చేస్తే, "నీళ్లల్ల మునిగి మాట్లాడినట్టున్నది బిడ్డా, ఆ ముచ్చటేదో ఇంటికి పోయినంక చెప్పు" అంది.

ఇందులో వింత లేదు. ఖరీదైనదానిలో మైకులు చెవి దిండు మీద ఉంటాయి. నోటికి అది జానెడు దూరం. మన గొంతు ఏది, బయటి గోల ఏది అని లోపల లెక్కలు కట్టి వేరు చేస్తుంది. గోల ఎక్కువైనకొద్దీ గొంతును కూడా కోసేస్తుంది. కొమ్మ మైకు రెండు వేళ్ల దూరంలో ఉండి గొంతును నేరుగా పట్టుకుంటుంది. ఎంత తెలివైన లెక్కయినా, మైకు నోటి దగ్గర ఉండటానికి సాటి రాదు.

ఇంకొక కారణం కూడా ఉంది. అదే హెడ్‌సెట్‌లో పాట గుడిగంటలా వినపడి, ఫోన్ మాట ఎందుకు చప్పగా ఉంటుందని చాలామంది అడుగుతారు. బ్లూటూత్‌లో పాటకు ఒక దారి, ఫోన్ మాటకు మరొక దారి. సీడీ పాటలో శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా కొలుస్తారు. బ్లూటూత్ ఫోన్ మాటకు మొదట్లో 8,000 ముక్కలే, తర్వాత వచ్చిన పద్ధతిలో 16,000. రానూ పోనూ రెండు వైపులా మాట నడవాలి కాబట్టి దారి ఇరుకు. చాలా హెడ్‌సెట్లలో ఇప్పటికీ ఇదే పద్ధతి. అంటే పాట కోసం పెట్టిన పైసల్లో ఎక్కువ భాగం ఫోన్ మాటకు పనికిరాదు.

మూడో పరీక్ష: చేతులు ఖాళీ లేనివాళ్లు

బీడీలు చేసే అక్కలకు తీగ లేని హెడ్‌సెట్ నిజంగా ఉపయోగం. ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, కూతురితో అరగంట మాట్లాడుకోవచ్చు. మా వాడలో ఇద్దరికి చెరి రెండు రోజులు ఇచ్చాను. ఇద్దరూ తిరిగి ఇచ్చేశారు. చాట మీదికి వంగితే పావు కిలో బరువు ముందుకు జారుతుంది. ఫోన్ ఎత్తడానికి చెవి దిండు మీద వేలితో రాయాలి, వేళ్ల నిండా తంబాకు. ఎండాకాలంలో మన ఊళ్లో ఎండ 42 దాటుతుంది, అప్పుడు చెవులు ఉడికిపోతాయి. మెడపట్టీ రకం చాలని ఇద్దరూ అన్నారు. నాదీ అదే మాట.

నాలుగో పరీక్ష: మగ్గం చెవులు

అసలు ఉత్తరాలు రాసినవాళ్ల మనసులో ఉన్నది ఇదేనని నాకు అనుమానం. "అమ్మానాన్నలకు" అని రాశారు గదా. నాన్నకు ఫోన్‌లో సరిగ్గా వినపడడం లేదు, అందుకే కొడుకు ఖరీదైనది కొనాలనుకుంటున్నాడు.

మా మామయ్య 34 ఏండ్లు సాంచాల మీద పనిచేశారు. ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడితే జవాబు చెబుతారు. ఫోన్ మోగితే మాత్రం, "నువ్వే మాట్లాడు" అని చేతికిస్తారు. ఒకరోజు చిన్నత్త ఫోన్ చేసి, "కాలు నొస్తుందన్నా" అంది. మామయ్యకు అది "పాలు పోస్తుందన్నా" అని వినపడింది. ఆమె ఇంట్లో బర్రె ఉన్నది మరి. "మంచిదే గదా చెల్లె, ఇంకేం కావాలె" అన్నారు. ఆమె అప్పటికి నెల రోజులుగా మంచం మీద ఉన్నది. ఫోన్ పెట్టేసింది. ఎనిమిది నెలలు అన్నతో మాట లేదు. అన్నకు పట్నం గర్వం వచ్చిందని ఆమె, చెల్లెలు ఎందుకో అలిగిందని ఈయన. నడుమ రెండు అక్షరాల తేడా.

ఈ అక్షరం తేడా వెనుక పెద్ద సంగతే ఉన్నది. ఏండ్ల తరబడి పెద్ద రొదలో పనిచేస్తే చెవి ఒక్కసారిగా చెడిపోదు. మొదట పోయేది సన్నటి శబ్దాలు, డాక్టర్లు 4,000 హెర్ట్జ్ అని చెప్పే చోట గుంట పడుతుంది. అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి 'ఆ', 'ఓ' బాగానే వినపడతాయి. స, శ, చ, త, క, ప లాంటి హల్లులను విడదీసి చెప్పే సన్నటి భాగం పైస్థాయిలో ఉంటుంది, అదే పోతుంది. అందుకే వీళ్లు "వినపడడం లేదు" అనరు. "వినపడుతుంది గానీ సమజ్ కావట్లేదు" అంటారు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి పూరించుకుంటారు. ఫోన్‌లో పెదవులు లేవు. పైగా పాత పద్ధతి ఫోన్ 3,400 హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని పంపనే పంపదు. చెవిలో సగం పోయింది, తీగలో సగం పోయింది, ఇక మిగిలింది అంచనా.

నయానా భయానా ఒప్పించి మామయ్యకు హెడ్‌సెట్ పెట్టి, చిన్నత్తకు వాట్సాప్‌లో కాల్ చేశాం. గది తలుపులు మూశాం. ఆమెను మెల్లగా మాట్లాడమన్నాం. రెండో నిమిషంలో మామయ్య, "కాలా? నేను పాలనుకున్ననే చెల్లె!" అన్నారు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత నవ్వో ఏడుపో తెలియని శబ్దం. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు.

ఇంతవరకు చదివి, "అయితే కొనాల్సిందే" అని లేవకండి. మూడు రోజుల తర్వాత అదే గదిలో, అదే వాట్సాప్‌లో, 450 రూపాయల తీగ ఇయర్‌ఫోన్ రెండు చెవులకూ పెట్టి మళ్లీ మాట్లాడించాను. తేడా ఉందా అని మామయ్యను అడిగితే, "ఇదే నయం, నెత్తి బరువు లేదు" అన్నారు. పని చేసింది మూడు సంగతులు. ఒకటి, ఒక చెవికి బదులు రెండు చెవులతో వినడం. రెండు, గదిలో గోల లేకపోవడం. మూడు, చెల్లెలు మెల్లగా మాట్లాడటం. ఈ మూడింటికీ కలిపి ఖర్చు 450 రూపాయలు.

చెవి పరీక్ష ముందు, హెడ్‌సెట్ తర్వాత

వినపడని మనిషికి హెడ్‌సెట్ ఇస్తే మొదట చేసే పని శబ్దం పెంచడం. మిగిలి ఉన్న చెవిని కూడా అది తింటుంది. వారానికి 40 గంటలు వినేట్టయితే 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. హెడ్‌సెట్ అన్ని శబ్దాలనూ ఒకే తీరున పెంచుతుంది. వినికిడి యంత్రం అట్లా కాదు, ఎవరి చెవిలో ఏ స్థాయి పోయిందో అదే స్థాయిని పెంచేటట్టు సరిచేసి ఇస్తారు. ఈ రెండూ దగ్గరవుతున్న మాట నిజమే. 2024 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఒక రకం ఇయర్‌బడ్స్‌ను, స్వల్పం నుంచి మధ్యస్థం దాకా లోపం ఉన్న పెద్దవాళ్లకు వినికిడి యంత్రంలా వాడుకోవడానికి అనుమతించింది. అంతమాత్రాన బజారులో ఉన్న ప్రతి ఖరీదైన హెడ్‌సెట్టూ వినికిడి యంత్రం కాదు.

కాబట్టి మొదట చేయాల్సింది ఆడియోమెట్రీ. చెవి డాక్టరు దగ్గర గదిలో కూర్చోబెట్టి, సన్నటివీ లావుటివీ శబ్దాలు వినిపించి, కాగితం మీద గీత గీసి ఇస్తారు. నొప్పి లేదు, సూది లేదు. మామయ్యకు తీయించాం. రెండు చెవులకూ 4,000 దగ్గర గుంట. డాక్టరు గీత చూడగానే, "మగ్గమా?" అని అడిగారు.

ఇంకా పనిలో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రోజుకు 8 గంటలకు 90 డెసిబెల్స్ అని మన దేశపు కార్ఖానా నియమాల హద్దు. అమెరికాలో పని ఆరోగ్యం చూసే సంస్థ 85 దగ్గరే హద్దు పెట్టింది, ఆపైన ప్రతి 3కీ సమయం సగం చేయమంటుంది. ఆ లెక్కన 97 దగ్గర అరగంట. మన పాళీ ఎన్ని గంటలో మీకు తెలుసు. చప్పుడు వల్ల చెవి పోవడం పని వల్ల వచ్చే జబ్బేనని మన దేశపు చట్టాల జాబితాల్లోనే ఎక్కింది. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లు ఆ ఆసుపత్రిలోనే పరీక్ష అడగండి, కాగితం దాచిపెట్టండి. చిన్న కార్ఖానాల్లో చాలామందికి ఆ కార్డే లేదు. వాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. లోపం 40 శాతం లేదా ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే, ఆదాయాన్ని బట్టి కేంద్ర ప్రభుత్వ పథకం కింద వినికిడి యంత్రం దొరికే అవకాశం కూడా ఉంది.

పైసా ఖర్చు లేని పనులు

ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అనే చోట 'మోనో ఆడియో' ఉంటుంది. ఒక చెవి బాగా పోయినవాళ్లకు అది వేసి పెట్టండి, మాట మొత్తం మంచి చెవికి కూడా వస్తుంది. రెండు వైపులా ఫోన్లలో వోల్టీ వేసి ఉంటే మాట స్పష్టత పెరుగుతుంది, సన్నటి హల్లులు కొంతవరకు దాటి వస్తాయి. వీలైతే వీడియో కాల్ చేయండి, పెదవులు కనపడతాయి. అరవకండి. అరిస్తే అచ్చులు పెరుగుతాయి, హల్లులు కావు. మెల్లగా, ఒక్కో మాట విడదీసి చెప్పండి. రెండుసార్లు చెప్పినా అందకపోతే అదే మాట మళ్లీ చెప్పకుండా వేరే మాటతో చెప్పండి. "కాలు నొస్తుంది" అందకపోతే "మోకాలు వాచింది, నడవలేకపోతున్న" అనండి.

నా తీర్పు

పాటలు వినే కోరిక, రైలు బస్సు ప్రయాణాలు, చేతిలో పైసలు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, వస్తువు మంచిదే. ఒక్క ఫోన్ మాటకైతే వద్దు. ఎక్కువసేపు ఫోన్ మాట్లాడే పని ఉంటే నోటి దగ్గరకు మైకు వచ్చే రకం 2,500లో చూడండి. బీడీల పనికి మెడపట్టీ చాలు. దుకాణంలో కొనేముందు పాట పెట్టి చూడకండి, రోడ్డు మీద నిలబడి ఇంటికి ఒక ఫోన్ చేసి, అవతలివాళ్లను అడగండి.

కొడుకు ప్రేమగా కొనిస్తానంటే కాదని అతని మనసు కష్టపెట్టమని నేను చెప్పను. "అదే పైసల్లోంచి ముందు నాన్న చెవి పరీక్ష చేయించు, నువ్వే వచ్చి తీసుకుపో" అని చెప్పండి. ఆ గీత కాగితం చూశాక ఏం కొనాలో డాక్టరే చెబుతారు. పూణె నుంచి వచ్చిన కొడుకు ఒక పూట నాన్న పక్కన ఆసుపత్రి బెంచీ మీద కూర్చోవడం అదనపు లాభం.

మీ ఇంట్లో చెవి పరీక్ష చేయించినవాళ్లుంటే, ఎక్కడ చేయించారు, ఎంత అయింది, ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చింది, రాసి పంపండి. అన్నీ కలిపి ఒక పట్టిక వేద్దాం. వచ్చే నెల గ్యాసు పొయ్యికి బదులు కరెంటు ఇండక్షన్ పొయ్యి. జొన్నరొట్టె దాని మీద పొంగుతుందా లేదా, అత్తలందరూ అడుగుతున్న ప్రశ్న అదే.